దిండు మీద చేతులు

రూతూ, ముప్పయ్యేళ్లు జనం తలల మీద చేతులుంచి ప్రార్థించిన నీ భర్తకు, నువ్వు పడిపోయిన రోజు ఆ చేతులు ఎక్కడ పెట్టాలో తెలియలేదంటే నమ్ముతావా?

మన బిడ్డ సునీత నర్సింగ్ పాఠాలు ఫోన్లో నేర్చుకుంటోంది. పాఠం చెప్పే మేడం కరీంనగర్‌లో, మనం నస్పూర్‌లో. నిన్న, గుండె ఆగిన మనిషికి ఏం చేయాలో చెప్పే పాఠం. ఫోన్‌ను నా లేఖన గ్రంథానికి ఆనించి, మనిషి ఛాతీకి బదులు నీ దిండు తెచ్చి నేల మీద పెట్టింది. దాని గలీబు ఇంతవరకూ ఉతకనియ్యలేదు నేను.

"బాపూ, నువ్వు గూడ జర నేర్సుకో," అంది.

మోకాళ్లూని దిండు మీద రెండు చేతులూ పెట్టాను. అలవాటుగా కళ్లు మూతపడ్డాయి.

"పెద్దయ్యా, దీవించింది చాలు, ఇగ నొక్కుండ్రి. మోచేతులు వంగొద్దు," అంది ఫోన్లోంచి మేడం. సునీత పకపకా నవ్వింది. నువ్వుంటే దానికన్నా ముందు నవ్వేదానివి.

చెమట పట్టేదాకా నొక్కాను. ఏడాది కింద ప్రార్థన కూటంలో నువ్వు కూలినప్పుడు, అంబులెన్స్ వచ్చేదాకా నీ తల మీద నుంచి చేతులు తీయలేదు నేను. దానికి మూరెడు కిందే నీ గుండె.

ఇవాళ నీ జ్ఞాపకార్థ కూటం. విశ్రాంతి దినమైనా రేపటిదాకా ఆగకుండా ప్రభువు బాగుచేసిన, చెయ్యి ఎండిపోయినవాడి కథ చదివి, గ్రంథం మూసి, అందరికీ చెప్పాను: "అన్నాలు తర్వాత. ఇంటికి పోయి తలా ఒక దిండు తెచ్చుకోండ్రి, సునీత చూపిస్తది. రేపు గాదు, ఇయ్యాల్నే. లేవుండ్రి."