పూతరేకుకి అడ్డం పెట్టిన చెయ్యి

అమ్మమ్మా,

నువ్వు చదవలేవని తెలిసినా, ఈ కబురు నీకు చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

నాకు ఇంజనీరింగ్‌లో సీటొచ్చింది. ఆడపిల్లకి అంత చదువెందుకని నాన్న పైసా ఇవ్వనన్నారు. అమ్మ కూడా ఆయన మాటకే తలూపింది. బ్యాంకు లోనుకి హామీ సంతకం పెట్టమని నీ కొడుకుని అడిగితే, "సంతకం తప్ప ఇంకేదైనా అడగవే" అన్నాడు మావయ్య.

అయినా హామీకి ఆయన పేరే రాసిచ్చాను, దాంతో నిన్న బ్యాంకు ఆఫీసరుగారు ఎంక్వైరీకని మావయ్య ఇంటికొచ్చారు. సంతకం పెట్టనన్న మనిషే ఆయన్ని భోజనం చెయ్యకుండా కదలనివ్వలేదు. వద్దంటున్నా నెయ్యి పోసి పోసి, చివరికి పూతరేకు వెయ్యబోతే ఆఫీసరుగారు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టేశారు.

"ముందు సంతకం పెట్టండి, తింటానండి."

"అదేంటండీ! ఇంటికొచ్చినవాళ్ళు స్వీటు తినకుండా లేస్తే మా పరువేం కానండీ?"

"అందుకేనండి."

మావయ్య పళ్ళెం అత్తయ్య చేతికిచ్చి పెన్ను తెమ్మన్నాడు.

అవి కొట్టులో కొన్న పూతరేకులు అమ్మమ్మా. నువ్వు చుట్టినవైతే ఆయన చెయ్యి అడ్డం పెట్టగలిగేవారే కాదు, నా చదువు అక్కడితో ఆగిపోయేది. నువ్వు లేకపోవడం నాకు కలిసొచ్చింది ఈ ఒక్కసారే.

నీ ఇంజనీరు మనవరాలు