తీసే పొర కాదు, ఉండాల్సిన పొర

కంటి వైద్య శిబిరాల ప్రత్యేక అధికారి గారి సముఖమునకు, కామారెడ్డి.

అయ్యా,

విషయం: నా కుడికంటి పొరను శుక్లంగా భావించి తీసివేయుటకు జరుగుచున్న ఏర్పాట్లను తక్షణమే నిలుపుదల చేయుట గురించి.

ఎల్లారెడ్డి నివాసి, వరికోత మిషన్ డ్రైవరు, ముప్పై ఒక్క ఏండ్ల శైలేందర్ అను నేను సవినయంగా విన్నవించుకొనునది.

1. కోతల కాలంలో దుమ్ము, పొట్టు, చెమట కలిసి కళ్లద్దాలు నిలవనందున, ఏడు నెలల క్రితం హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రెండు కళ్లకూ లేజర్ ఆపరేషన్ చేయించుకున్నాను. ఇందులో నల్లగుడ్డు పైపొరను ఒక అంచున వదిలి చుట్టూ కోసి, మూతలాగా లేపి, కింద లేజర్ కొట్టి, మళ్లీ మూస్తారు. ఆ పొర మందం నూట పది మైక్రాన్లు ఉండునని నాచేత సంతకం పెట్టించుకున్న కాగితంలోనే ఉన్నది.

2. కుడికంట అది నూట డెబ్బై రెండు తెగినట్లు, తర్వాత చూపించుకున్న మరో డాక్టరమ్మ స్కానింగులో తేలినది. తేడా తల వెంట్రుకంత. లోకంలో అందరూ వెంట్రుకవాసిలో బయటపడతారు. నేను వెంట్రుకవాసిలో ఇరుక్కున్నాను. పైపొర మందంగా లేచినందున కింద మిగలవలసినంత మిగలలేదు. నల్లగుడ్డు ముందుకు ఉబ్బుచున్నది. ఒక కరెంటు స్తంభం మూడు స్తంభాలుగా కనబడుచున్నది. ఉబ్బును ఆపే చికిత్స ఉన్నదనీ, మొదటి ఆసుపత్రి మిషన్ రికార్డు చూసి మొదలుపెడతాననీ, ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రాదనీ ఆమె చెప్పినది.

3. నేనడిగితే ఆసుపత్రివారు ఇవ్వనందున, ఆ రికార్డు ఇప్పించమని పోయిన నెల తమకు అర్జీ పెట్టుకున్నాను. అందులో "కంటి పొర తప్పుగా కోసినారు" అని రాయడమే నేను చేసిన నేరం. మన దిక్కు పొర అంటే శుక్లమే. తమవారు "కంటి పొర" వరకు చదివి, నన్ను శుక్లాల జాబితాలో చేర్చి, ఈ నెల పద్దెనిమిదిన సదాశివనగర్ శిబిరంలో పొర తీయబడునని, అర్జీ పరిష్కరించబడినదని జవాబిచ్చినారు. నకలు ఆసుపత్రికీ పోయింది. "పరిష్కారమైంది కదా, ఇంక రికార్డు దేనికి?" అని వారు ఫోను పెట్టేసినారు.

4. జాబితా రాసే బాలమల్లు గారి వద్దకు పోయాను.

"పొర తీస్తే చూపొస్తది గద తమ్మీ, గింతగనం భయపడితె ఎట్ల?" అన్నాడు.

"అన్నా, అది తీసే పొర కాదు, ఉండాల్సిన పొర. తీస్తే నా కన్నే పోతది" అన్నాను.

"పేరెక్కినంక కొట్టేసుడు నా చేతుల లేదు. పై సారునడుగు."

అక్కడే కూర్చున్న, జాబితాలో నా ముందు పేరు గల పెద్దవ్వ, డెబ్బై ఏండ్ల మనిషి, నా చెయ్యి పట్టుకుని, "నాకు పోయినేడు ఒక కన్నుకు తీసిండ్రు బిడ్డా. ఇప్పుడు సూదిల దారం ఎక్కిస్తున్న, ఏం గాదు" అన్నది. ఆమెకు మైక్రాన్ల గురించి ఏమని చెప్పను? సరే అవ్వా అని వచ్చేశాను.

5. నా ఎడమకన్ను భేషుగ్గా ఉన్నదనీ, దానితోనే మిషన్ నడుపుచున్నాననీ, ఈ విషయమై ఎవరూ అనుమానపడనవసరం లేదనీ మనవి. కుడికన్ను అడ్డం వచ్చుచున్నందున మాత్రమే, నేను చెప్పగా నా భార్య సాయిలత ఈ అర్జీ రాయుచున్నది.

కావున నా పేరు జాబితా నుండి కొట్టివేసి, ఆ రికార్డు ఇప్పించగలరు. అయ్యా, గెట్టు తప్పి పక్క రైతు వరి కోస్తే నాలుగు తిట్లు పడతాయి, వరి మళ్లీ పండుతుంది. కన్ను మళ్లీ మొలవదు. నాకు భయంగా ఉంది. ఇంతకంటే మర్యాదగా రాయించడం నాకు చేతకాదు.

ఈసారి "పొర" అన్న మాట దగ్గర ఆగిపోకుండా చివరిదాకా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
శైలేందర్, ఎల్లారెడ్డి.

మరొక మనవి: సార్, ఇది నేను రాస్తున్న, సాయిలతను. ఆయన చెప్పింది కాదు. ఐదో నంబరు అబద్ధం. పని పోతదని ఒట్టు పెట్టించుకొని నాతోటి రాయించిండు. ఎడమకన్ను గూడ గట్లనే అయితున్నది. మొన్న మిషన్‌ను గెట్టు దాటించి బోరు మోటరు మీదికి తీస్కపోయిండు. రెండు కండ్ల రికార్డూ అడుగుండ్రి సార్, మీ కాళ్లు మొక్కుత. ఇంతవరకు రాసి, చదువుమని కాగితం ఆయన చేతిల పెట్టిన. ఈ వరుసల మీదనే వేలు పెట్టి చూసి, "మంచిగ రాసినవ్, సంతకం ఎక్కడ పెట్టాలె?" అన్నడు. చెయ్యి పట్టుకొని పెట్టించిన.