డిస్కులో నీ వాటా

దేవరకొండ,
ఆదివారం.

తమ్ముడు మల్లికార్జున్‌కు అక్క ఉమారాణి దీవెనలతో రాస్తున్నది. ఇక్కడ అమ్మ, నాయిన, గొర్లు, మేకలు, నేను, అందరం క్షేమంగానే ఉన్నాం. నువ్వు ఆ మంచు కొండల్లో వేళకు తింటూ, డ్యూటీకి పోయేటప్పుడు రెండు జతల మేజోళ్లు వేసుకుంటూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. నీ ఉత్తరం అందింది. అమ్మ దాన్ని రెండుసార్లు చదివించుకుని దిండు గలీబులో పెట్టుకుంది. నాయిన మందను తోలుకుని కృష్ణ ఒడ్డు దిక్కు పోయాడు. వానలు పడితే గానీ తిరిగి రాడు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు చెప్పి, తర్వాత నిన్ను తిడతాను. తిట్లు చాలా ఉన్నాయి, అందుకే కాగితాలు ఎక్కువే తెచ్చుకున్నాను.

అమ్మ మోకాలి నొప్పి కొంత నయం. దవాఖానలో ఇచ్చిన గోలీలు రోజూ నేనే దగ్గరుండి మింగిస్తున్నాను. మన నల్ల కుక్క పిల్లలు పెట్టింది, ఒక్కటీ తల్లిని పోలలేదు. బావ ఫోన్ చేశాడా అని అడిగావు. చేయలేదు, చేసినా ఎత్తను. పాలమూరులో కమలాకర్ ఇంట్లో నేను పడ్డది చాలు. పెట్టె సర్దుకుని పుట్టింటికి వచ్చినప్పుడే ఆ సంగతి తేల్చేశాను. "జర సర్దుకుపో అక్కా" అని ఇంకోసారి రాస్తే ఆ ఉత్తరం పొయ్యిలో పెడతాను. సర్దుకోవడం ఎంత సుఖమో నువ్వు ఒకసారి పెళ్లాం అయి చూడు.

ఇక ఆఖరి ప్రశ్న. "కంప్యూటర్ ఎందుకు మెల్లగైంది, ఏం గేములు ఎక్కించినవ్ అక్కా?" అని రాశావు. ఆ ముక్క చదవగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గేములా? నేనా? దామోదర్ స్టూడియో వాళ్లు పెళ్లిళ్లు తీసి తెచ్చి ఇస్తే, వాటిని కోసి, అతికించి, పాటలు కలిపి వీడియో చేసి ఇచ్చేది నేను. అదే నా బతుకు. దాని ముందు కూర్చుని గేములు ఆడే తీరిక నాకుంటే నీకు ఇంత పొడుగు ఉత్తరం రాసేదాన్నా?

దాని తంతు ఏమిటో చెబుతాను విను. పెళ్లికూతురు తలంబ్రాలు పొయ్యడానికి చెయ్యి ఎత్తుతుంది. ఆ చెయ్యి గాలిలోనే ఆగిపోతుంది. నేను లేచి వెళ్లి పొయ్యి మీది అన్నం చూసి వచ్చేసరికి మెల్లగా కిందికి దిగుతుంది. పాట ముందు పోతుంది, మనుషులు వెనక వస్తారు. ఒక చోట కోద్దామని నొక్కితే ఇంకో చోట తెగుతుంది. దానికి తోడు ఇప్పుడు అందరికీ డ్రోన్ కావాలి, కొత్త కెమెరాల పెద్ద బొమ్మ కావాలి. అంత బరువు వీడియో పెట్టగానే మన కంప్యూటర్ నోరు తెరిచి చూస్తూ కూర్చుంటుంది.

సరిగ్గా అప్పుడే తిరుమలగిరి నవనీత పెళ్లి నా చేతికి వచ్చింది. పదహారు రోజుల పండుగ నాడు చుట్టాలందరి ముందూ పెద్ద తెర మీద పెళ్లి వీడియో వేయాలని వాళ్ల పట్టుదల. దామోదర్ మొహమాటం లేకుండా చెప్పేశాడు. "ఉమక్కా, పండుగ దినం తెర మీద బొమ్మ పడాలె. పడకపోతే ఇగ పనంత హైదరాబాదోళ్లకే ఇస్త. మీకు కోపమొచ్చినా సరే."

ఆ పని పోతే నా గతి ఏమిటో నీకు తెలుసా? అమ్మ పెడితే తినడం, లేకపోతే లేదు. అప్పుడు వాడలో ప్రతి ఒక్కరూ నా దగ్గరికి వచ్చి పాలమూరు బస్సు ఎప్పుడుందో చెబుతారు. ఇప్పటికే ఇద్దరు ముగ్గురు చెబుతున్నారు.

సలహాలకు మాత్రం కరువు లేదు. దామోదర్ ఇంటికి వచ్చి చూసి, "అంత తుడిచేసి మల్ల ఎక్కిద్దాం, గుర్రం లెక్క ఉరుకుతది" అన్నాడు. ఆ మాట వినీ వినకముందే అమ్మ చేతిలో చీపురుతో గుమ్మానికి అడ్డం నిలబడింది. "తుడిచేదేంది? నా కొడుకు సినిమా ఉన్నది దాంట్ల! ఎవ్వలు ముట్టుకున్నా ఊకోను." పాపం, దామోదర్ చాయ కూడా తాగకుండా పోయాడు.

తర్వాత మన వెనక వీధి రామచంద్రయ్య సారు వచ్చాడు. రిటైరై ఇంట్లో పొద్దు పోక అందరి ఇళ్లలో మిషన్లు చూస్తున్నాడు. "ఆడపిల్లవు గంటలకొద్ది దాని ముందట కూసుంటే వేడెక్కదా అమ్మా?" అన్నాడు. మగపిల్లవాడు కూర్చుంటే అది చల్లబడుతుందేమో నాకు తెలియదు. నాకు మండింది గానీ పెద్దాయన కదా అని పళ్లు బిగబట్టాను. అయితే వేడి మాట అబద్ధం కాదు. నేను లేచిన ప్రతిసారీ మన అమ్మ, ఆ డబ్బాకు దుమ్ము పడుతుందని నాయిన పాత గొంగడి కప్పుతోంది. ఒక్కోసారి అది నడుస్తుండగానే కప్పుతోంది. మూత విప్పితే ఫ్యాను రెక్కలకు ఉన్ని చుట్టుకుని ఉంది. అంతా శుభ్రం చేసి, గొంగడి తీసి దండెం మీద వేశాను. వేడి తగ్గింది. ర్యామ్ పెంచమన్నారు, అదీ పెంచాను. పెళ్లికూతురి చెయ్యి మాత్రం గాలిలోనే ఉంది.

ఇక ఎవరి మాటా వినదలచుకోలేదు. కంప్యూటర్‌లో ఏ భాగం ఎంత కష్టపడుతోందో చూపించే పేజీ ఒకటి ఉంటుంది కదా, అది తెరిచి పెట్టుకుని, పక్కన వీడియో నడిపించి చూశాను. దాని మెదడు సగం ఖాళీగా కూర్చుంది. కొత్త ర్యామ్ చేతులు కట్టుకుని ఉంది. వైరుతో బయట వేలాడుతున్న పాత హార్డ్ డిస్కు ఒక్కటే ఆయాసంతో చస్తోంది. నా పెళ్లిళ్లన్నీ అందులోనే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ చదివేది అందులోంచే, పని మధ్యలో తను రాసుకునే చిత్తు సరుకు పోసేదీ అందులోనే. బరువు వీడియోలకు తేలికైన నకళ్లు చేసుకుని వాటి మీద పని చేయవచ్చు, ఆ దారి నాకు తెలుసు. కానీ ఆ నకళ్లు పెట్టాలన్నా వేగంగా ఉరికే డిస్కు కావాలి.

ఆ డిస్కు లోపలే ఉంది, తమ్ముడూ. నువ్వు ముచ్చటపడి వేయించిన కొత్త రకం డిస్కు. అంచుల దాకా నిండి ఉంది. మిలిటరీకి పోకముందు నువ్వు తీసుకున్న నీ సినిమాతో నిండి ఉంది.

నిన్ను తిట్టే ముందు నన్ను నేను తిట్టుకున్నాను. అందులో జాగా ఎందుకు చేసుకోలేదు? ఎవరూ వద్దనలేదు. నీ గొర్ల ఎడమ చెవికి నాయిన కోసిన గుర్తు ఉంటుంది కదా. నువ్వు ఊళ్లో లేనప్పుడు నీ నోటి మాట రానిదే వాటిని అమ్మం, ఉన్ని కత్తిరించం, ఇంటికి చుట్టం వచ్చినా కొయ్యం. పుట్టినప్పటి నుంచి చూస్తున్న పద్ధతి. కంప్యూటర్ తెరవగానే లోపల నీ పేరుతో ఫోల్డర్ కనబడింది. అది నీ వాటా అని నా చెయ్యి దానంతట అదే పక్కకు పోయింది. పుట్టింటికి వచ్చిన మొదటి రోజే బయటి డిస్కు తగిలించుకుని, ఇంటి పిల్లనై ఉండి అరుగు మీద పడుకున్నట్టు ఇన్నాళ్లూ పని చేశాను. ఎవరూ బయట పడుకోమనలేదు. నేనే చాప తెచ్చుకున్నాను.

అయినా ఏం సినిమా అది? నల్ల అద్దాలు పెట్టుకుని ఖిల్లా గుట్ట దిగుతావు. మళ్లీ ఎక్కి మళ్లీ దిగుతావు. ఒకసారి జారి పడతావు, అది ఒక్కటే చూడ్డానికి బాగుంది. దీనికోసమా నవనీత చెయ్యి గాలిలో ఆగింది!

అమ్మను అడిగాను. "తుడువనమ్మా. వేరే డిస్కుల భద్రంగ పెడ్త. ఒక్క ముక్క పోదు." అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ, "వాని మాట రానియ్యి" అంది. "వాని మాట వచ్చేదాక నా పని ఆగదు గదా? అన్నీ వానివే అయితే ఈ ఇంట్ల నా జాగ ఏది?" అన్నాను. అమ్మ తల ఎత్తలేదు. "నీ జాగ పాలమూరుల ఉండె గద బిడ్డా" అంది.

కోపంతో అన్న మాట కాదు. కోపంతో అంటే నేనూ నాలుగు అనేదాన్ని. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. మందలో నాకు ఒక్క గొర్రె లేదు, ఇంట్లో ఒక గోడ లేదు, ఆఖరికి డబ్బాలో కూడా జాగా లేదు. నేను ఆ రోజు అన్నం తినలేదు.

మరునాడే నీ ఉత్తరం వచ్చింది. ఇప్పుడు చెప్పబోయేది ఇంతవరకూ చెప్పకుండా దాటేసుకుంటూ వచ్చాను. అమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంది, నేను చదువుతున్నాను. గేముల ముక్క దగ్గరికి వచ్చి ఆగాను. "కంప్యూటర్ ముచ్చట ఏమన్న రాసిండా?" అని అమ్మ అడిగింది. రాశాడన్నాను. కాగితం మీద నుంచి కళ్లు ఎత్తకుండా, చదివినట్టే చదివాను. "అమ్మా, ఆ కంప్యూటర్ ఇగ అక్కది. దాంట్ల అక్క ఇష్టం. ఎవ్వలు అడ్డం రావద్దు."

నువ్వు రాయలేదు. నేను చదివాను. అమ్మ మళ్లీ చదవమంది. రెండోసారి, "ఇల్లు గూడ అక్కదే" అని ఇంకో ముక్క కలిసింది. ఎలా కలిసిందో నాకు తెలియదు, నోరు ఆగలేదు.

అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, "నేననాల్సిన మాట వాడన్నడు" అంది.

సంతోషించాలా, ఏడవాలా? రెండూ కాక ఒళ్లు మండింది. ఎందుకంటే మరునాడు పొద్దున్నే నల్లా నీళ్ల దగ్గర పక్కింటి నిర్మలమ్మ ముందు నీ పొగడ్తలు మొదలయ్యాయి. "నా కొడుకు ఎంత మనసున్నోడు! గంత దూరాన ఉండి గూడ అక్క ఫికరే." వాడంతా నిన్ను మెచ్చుకుంటోంది. మాట నాది, పేరు నీది! నువ్వు అక్కడ కూర్చుని గేముల గురించి రాసి, ఇక్కడ ధర్మరాజువయ్యావు!

నీ సినిమా మొత్తం కొత్త డిస్కులోకి మార్చి బీరువాలో భద్రంగా పెట్టాను. జారి పడ్డదీ ఉంది. నా పనంతా లోపలికి తెచ్చుకున్నాను, తేలిక నకళ్లు చేసుకున్నాను. ఇప్పుడు నేను నొక్కిన చోటే తెగుతోంది. నవనీత చెయ్యి దిగింది, తలంబ్రాలు పడ్డాయి. పండుగ నాడు తెర మీద బొమ్మ పడింది. దామోదర్ ఇంకో రెండు పెళ్లిళ్లు తెచ్చి ఇచ్చి, ఈసారి చాయ కూడా తాగి పోయాడు.

ఇక్కడితో అయిపోతే నీకు ఈ సంగతి చెప్పేదాన్నే కాదు. మొన్న అమ్మ దొడ్లోంచి పిలిచింది. మంద వెంట నడవలేని గొర్రెపిల్లలను నాయిన ఇంటి దగ్గరే ఉంచిపోయాడు. వాటిలో ఒక ఆడపిల్లను మోకాళ్ల మధ్య పట్టుకుని కూర్చుంది. చేతిలో కత్తి. "దీనికి నీ గుర్తు ఏం పెట్టాలె బిడ్డా?" అని అడిగింది. ఈ ఇంట్లో పుట్టి ఇంత పెరిగాను, నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. కుడి చెవి అన్నాను. అమ్మ కోసి, పసుపు అద్ది వదిలింది. అది అరుచుకుంటూ దొడ్డంతా ఉరికింది. నేను గోడ వెనక్కి పోయి ఏడ్చాను.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒకటే. నేను చదివిన మాట నీ మాటే అయితే, వచ్చే ఉత్తరంలో నీ చేత్తో రాయి. దాన్ని నేను చదవను, రామచంద్రయ్య సారుతో చదివిస్తాను. నీ మాట కాకపోతే అదీ రాయి, దాచకు. అప్పుడు నేనే అమ్మ ముందు కూర్చుని, నువ్వు అననిది చదివానని ఒప్పుకుంటాను. నీ సినిమా మళ్లీ నీ డిస్కులో పెట్టేసి, బయటి డిస్కు తగిలించుకుంటాను. ఇల్లు నీదే అంటాను.

గొర్రెపిల్లను మాత్రం ఇవ్వను. దాని చెవి తెగింది.

ఇట్లు,
నీ మీద కోపం ఇంకా తగ్గని
మీ అక్క,
ఉమారాణి