పాచిక కింద నీ పేరు

లీలావతీ,

బతికుండగా నిన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది.

మన విమల సెలవులకు మాచర్ల వచ్చింది. వెంట వచ్చిన స్నేహితురాలు, ఓడలో పనిచేసే తన అన్న తెచ్చిన ఆటొకటి పట్టుకొచ్చింది. అందులో ఒక్కొక్కరు ఒక మనిషిగా మారి కథ నడుపుతారు. బతుకూ చావూ పాచిక తేలుస్తుంది. మన పిల్ల మొనదేలిన చెవులున్న అడవిజాతి మనిషిగా ఆడుతోంది. వాళ్లు వెయ్యేళ్లు బతుకుతారట. వాళ్ల పేర్లు మెత్తగా, పాటలా ఉండాలట. అందుకని నీ పేరు పెట్టింది.

మొదట సంతోషించాను. ఇంతలో ఆ స్నేహితురాలు, "లీలావతి ఏట్లో పడింది. పాచిక మూడులోపు పడిందా, పోయినట్టే," అంది.

"అమ్మ పేరు తీసెయ్యవే," అన్నాను.

"మరేం పెట్టమంటావు?"

"పెంటమ్మ."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. "వెయ్యేళ్లు బతికేదానికి పెంటమ్మ ఏంది నాన్నా!"

"ఆ పేరైతేనే చావు ముట్టదు."

మొదటి ఇద్దరు బిడ్డలూ దక్కలేదని మూడోదాన్ని పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎత్తుకుని, నువ్వు పెట్టిన పేరే అది. బడిలో విమల అని రాయించింది నేను.

"సర్లే, నా పాత పేరేగా," అంటూ కాగితం మీద నీ పేరు కొట్టేసి, అది రాసుకుంది. పాచిక గుప్పిట్లోకి తీసుకుంది.

ఇప్పుడు ఏట్లో ఉన్నది ఎవరో అప్పుడు తట్టింది నాకు. దాని గుప్పిటను రెండు చేతులతో పట్టుకున్నాను.

"ఒదులు నాన్నా, ఆటేగా!" అంటోంది.

వదల్లేకపోయాను.