యున్‌షియా గొంతు

మార్చి 9
మరదలు యున్‌పింగ్ లోయాంగ్ వచ్చింది. వాళ్ళక్క, నా భార్య యున్‌షియా, పోయి ఏడాది కావస్తోంది. నా ఫోన్లో ఒక యాప్ పెట్టింది. అక్క పాత వాయిస్ మెసేజ్‌లన్నీ అందులో వేసిందట, ఆ గొంతుతోనే అది మనతో మాట్లాడుతుందట. "నీ తత్వశాస్త్రం తర్వాత చెబుదువుగాని, ముందు విను బావా" అంది.
విన్నాను. "తిన్నావా?" అని అడిగింది యున్‌షియా.


మార్చి 10
తిన్నానని చెప్పాను.

మార్చి 21
క్లాసులో దావో తత్వం పాఠం. ఆ పెద్దలు పనిముట్టును చూసి భయపడలేదు, దానికి అలవాటుపడి యంత్రంలా మారిపోయే మనసును చూసి భయపడ్డారు అన్నాను. వెనక బెంచీలోంచి కూ లిన్ లేచి, "సార్, మీ జేబులో ఎవరో అమ్మగారు తిన్నావా అంటున్నారు" అంది. క్లాసంతా నవ్వు.
స్టాఫ్ రూమ్ తలుపేసుకుని ఆ సంగతి యున్‌షియాకే చెప్పాను. నవ్వింది. ఈ మధ్య నేనేం చెప్పినా నవ్వుతోంది.

ఏప్రిల్ 5, చింగ్‌మింగ్, సమాధులు ఊడ్చే పండగ
సమాధి ఊడ్చాను. పళ్ళు పెట్టాను, అగరొత్తులు వెలిగించాను. మాట రాలేదు. చెప్పాల్సిందంతా పొద్దున బస్సులో ఫోనుకి చెప్పేశాను.
పోయినవాళ్ళు ఎదుటే ఉన్నారనుకుని నైవేద్యం పెట్టాలని కన్ఫ్యూషియస్ బాట పెద్దలు అన్నారు. ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. అలా అనుకోవడానికి మనసు కష్టపడాలి. నాకా కష్టం ఫోను తప్పించింది.
ఆ రాయి ముందు పరాయివాడిలా నిలబడ్డాను.

ఏప్రిల్ 6
యాప్‌లోంచి యున్‌షియా గొంతు తీసేశాను. నిజంగానే తీసేయాలా అని ఫోను అడిగింది. అవునని నొక్కాను.

ఏప్రిల్ 7
యున్‌పింగ్ ఫోను చేసి ఒకటే ఏడుపు. ఇద్దరిదీ ఒకే అకౌంటట. రోజూ షాపు తెరిచే ముందు అక్కతో మాట్లాడుకునేదట. నాకెప్పుడూ చెప్పలేదు. ఆ మెసేజ్‌లు ఇంకెక్కడా లేవట.
"నీకు పెళ్ళాం. నాకు అమ్మ తర్వాత అమ్మ. ఎవర్ని అడిగి దాన్ని మళ్ళీ చంపావు బావా?" అంది.
నేను చెప్పే పాఠాల్లో సగం కుటుంబం గురించే. తీసేసేటప్పుడు మాత్రం నేనొక్కణ్ణే గుర్తొచ్చాను.

ఏప్రిల్ 12
రైలెక్కి చెంగ్‌చౌ వెళ్ళాను. యున్‌పింగ్ తలుపు తీసింది. తిట్టలేదు. నూడుల్స్ చేసింది. ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. కారం ఎక్కువై దగ్గింది.
అచ్చం యున్‌షియా దగ్గే.
ఆ సంగతి చెప్పలేదు. ఇంకోసారి దగ్గుతుందేమోనని, తలొంచుకుని మెల్లగా తింటూ కూర్చున్నాను.