గీజరు ఆపినట్టేనా?

వదినగారికి,

మేము క్షేమంగా చేరాం. అమ్మాయీ, పుట్టిన పాపా బాగున్నారు. బాగోలేనిది మీ తమ్ముడొక్కరే. ఊళ్ళో అందరి ఇళ్ళకీ వైరింగు చేసే మనిషి, సొంత గీజరు ఆపారో లేదో తెలియక దారి పొడుగునా నా ప్రాణం తోడేశారు. బయల్దేరేముందు, పనిలో అలవాటుకొద్దీ స్విచ్చి వేసి చూశారట. ఆపారట. నమ్మకం కుదరక ఇంకోసారి నొక్కారట. ఆఖరిసారి నొక్కింది వేయడానికో ఆపడానికో ఇప్పుడు గుర్తు లేదట! నిన్న మనవరాలిని మొదటిసారి చేతుల్లో పెడితే, దాని ముఖంలోకి తేరిపార చూసి, "గీజరు ఆపేశానంటావా?" అన్నారు. అమ్మాయి నవ్వింది గానీ నాకు ఒళ్ళు మండిపోయింది.

తాళంచెవి మీ దగ్గరే ఉందిగా, కార్డు అందగానే వెళ్ళి చూడండి. నా కళ్ళజోడు అద్దం దగ్గర మరిచిపోయాను, తీసి ఉంచండి. మీ మోకాలి నొప్పి తగ్గిందా? అన్నయ్యగారికి నమస్కారాలు చెప్పి, వారిని కూడా వెంట తీసుకెళ్ళండి. ఒక్కరే వెళితే, తాళం వేశానా లేదా అని సందు చివరి నుంచి మళ్ళీ వెనక్కి వస్తారు. ఎంతైనా ఆ తమ్ముడికి అక్కగారు కదా!

మీ మరదలు