తీసేసిన కోచ్ గురించి డెల్‌రాయ్ తల్లికి

ఒడెస్సా గారికి,

పత్రికలో చూసేలోపే మీకు నేనే చెప్పాలి. ఈ ఉదయం కోచ్ హార్లన్‌ను తీసేశాం. కాలేజీ కమిటీలో చివరి ఓటు నాదే.

అంత్యక్రియల రోజు మీరు నా చెయ్యి పట్టుకుని, "తప్పు ఆయనది కాదు, పంపెయ్యకండి" అన్నారు. మరచిపోలేదండీ. కానీ ప్రాక్టీసులో ఎండదెబ్బకి మీ డెల్‌రాయ్ పోయినప్పటి నుంచీ ఆయన ఎవరినీ గట్టిగా పరిగెత్తించలేకపోయాడు. ఏ కుర్రాడు రొప్పినా విజిల్ ఊది ఆపేసేవాడు. ఈ సీజన్‌లో మన జట్టు ఒక్క ఆటా గెలవలేదు. మన అలబామాలో ఫుట్‌బాల్‌లో ఓడితే జనం ఊరుకుంటారా? ఆయన మీద జాలితో ఓటేశానో, జనానికి భయపడి వేశానో నాకే తెలియదు.

విషయం చెబితే ఆయన వాదించలేదు. "మంచి పని చేశావయ్యా. మైదానంలో అడుగు పెడితే ఆ కుర్రాడే కనిపిస్తున్నాడు" అన్నాడు. ఆ వెంటనే, "ఇకనైనా ఆ తల్లి దగ్గరికి వెళ్తాను. కోచ్‌గా ఉన్నన్నాళ్లూ ముఖం చెల్లలేదు" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆదివారం చర్చి అయ్యాక మీ ఇంటికి వస్తాడు. తలుపు తట్టే ధైర్యం చాలక బయటే నిలబడిపోతాడేమో. దయచేసి మీరే లోపలికి పిలవండి.

తలవంచుకుని,
కాలేజీ క్రీడల అధికారి